పెట్టకు వంశం రాద్దాం: నాటుకోళ్లు పెంచేవాళ్ల ప్రణాళిక

సంక్రాంతి దగ్గర పడితే గోదావరి జిల్లాల్లో కోడి అంటే పుంజే. దాని రంగేమిటి, తూకమెంత, ఏ పుంజుకు పుట్టింది, ఎవరి చేతిలో పెరిగింది అన్నదే మాట. దాన్ని పొదిగి లేపిన పెట్ట ఎవరింట్లో ఉందని అడిగేవాళ్లు కనబడరు. చాలాసార్లు అప్పటికే అది కూరైపోయి ఉంటుంది. పిల్లకు సగం గుణం పుంజు నుంచి వస్తే సగం పెట్ట నుంచి వస్తుంది. సగం వంశాన్ని లెక్కలోంచి కొట్టేసి జాతిని కాపాడుతున్నామనుకోవడం మన నాటుకోడికి జరుగుతున్న అన్నిటికన్నా పెద్ద నష్టం. దాన్ని ఆపడానికే ఈ కూటమి.

మేం కోళ్ల వ్యాపారులం కాం. పెరట్లో, డాబా మీద, చేలో షెడ్డు పక్కన పదీ ఇరవై కోళ్లు ఇష్టం కొద్దీ పెంచుకునేవాళ్లం. కూటమికి ఇంకా పేరు పెట్టుకోలేదు. అంతకన్నా ముందు ఒప్పుకోవలసిన మాటలున్నాయి.

మన దగ్గరున్నది చిన్న సంపద కాదు. అసీల్ ఉంది. చిత్తూరు, నెల్లూరు వైపు కాళహస్తి కోడి, కర్ణాటక సరిహద్దు పల్లెల్లో ఘాగస్, విజయనగరం ప్రాంతంలో డంకి ఉన్నాయి. ఈ నాలుగూ కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన జాతులు. కాకి, డేగ, నెమలి, పర్ల, పింగళ అని మనం పిలుచుకునేవి జాతులు కావు, ఈకల రంగులు. ఆ రంగుల జ్ఞానం అమూల్యమైనదే, మేం దాన్ని గౌరవిస్తాం. కానీ రంగు కలిసినంత మాత్రాన జాతి కలిసినట్టు కాదు. అసీల్‌ను మెడ నిలువులో, ఎముక బరువులో, ఒంటికి అంటుకుపోయిన గట్టి ఈకలో, నెత్తిన అణిగి ఉండే చిన్న తురాయిలో గుర్తుపట్టాలి.

19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో అసీల్‌ను వేరే కోళ్లతో కలిపి కార్నిష్ అనే జాతిని తయారు చేశారు. ఇవాళ ప్రపంచమంతా తింటున్న బ్రాయిలర్‌కు తండ్రి వైపు వంశం ఆ కార్నిష్‌దే. అంతటి కోడికి పుట్టిన నేల మీద వంశవృక్షం రాసిన పుస్తకం ఉన్న ఇళ్లు ఎన్ని?

పొదుగు మీద ఉన్న అసీల్ పెట్టను ఒక రోజు కూర్చుని చూడండి. రోజుకోసారి లేస్తుంది. నాలుగు గింజలు, నాలుగు గుక్కల నీళ్లు, ఒళ్లంతా దుమ్ములో పొర్లడం, మళ్లీ గంపలోకి. గుడ్లను ముక్కుతో దొర్లించి, అంచున చల్లబడుతున్నవాటిని పొట్ట కిందికి లాక్కుంటుంది. 21 రోజులూ ఇదే పని. పిల్లలు లేచాక గద్ద నీడ కనబడితే ఒక్క కూత కూస్తుంది, అన్నీ రెక్కల కిందికి చేరతాయి. పొదుగుకు కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయి కాబట్టి, ఏడాదికి 300 గుడ్లు పెట్టే లేయర్ కోళ్లలో ఈ గుణాన్ని మనుషులే తరతరాలుగా ఏరిపారేశారు. అసీల్ పెట్ట పెట్టేవి ఏడాదికి కొన్ని డజన్లే. కానీ కరెంటు లేకుండా, మిషన్ లేకుండా తన సంతానాన్ని తానే లేపి పెంచుకోగలదు. మేం కాపాడదలచుకున్నది ఈ తెలివిని.

పెరటికోళ్లు తగ్గిపోతున్నాయని మేం అనడం లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటికోళ్లు 31 కోట్లు దాటాయి, అంతకు ముందు లెక్కకన్నా బాగా పెరిగాయి. ఆ పెరుగుదలలో వనరాజా, గ్రామప్రియ వంటి మెరుగు రకాలూ ఉన్నాయి. అవి మంచి కోళ్లే, పేద ఇంటికి గుడ్డు పెట్టిన కోళ్లు. వాటిని తయారు చేసిన హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థే అసీల్, ఘాగస్ మందలనూ కాపాడుతోంది. ఇబ్బంది వేరే చోట ఉంది. ఊళ్లో అన్నీ కలిసి తిరిగితే రెండు మూడు తరాల్లో ఏది ఏదో తెలియకుండా పోతుంది. రోడ్డు పక్కన గంపలో నాటుకోడి పేరుతో అమ్మేవి చాలావరకు రంగుల సంకరాలే. పేరు చూసి కొనడం ఎక్కడికి దారి తీస్తుందో 2019లో మహారాష్ట్రలో కడక్‌నాథ్ కోళ్ల పెంపకం పథకాల్లో డబ్బు పోగొట్టుకున్న రైతులను చూసి తెలుసుకున్నాం.

ఇక కత్తి సంగతి. కోడిపందెం వల్లే అసీల్ ఇన్నాళ్లు నిలిచిందంటారు. అందులో నిజం ఉంది, దాన్ని దాచం. కానీ కాలికి కత్తి కట్టాక పందెం నిమిషాల్లో ముగుస్తుంది. అక్కడ గెలిచేది దమ్ము కాదు, దెబ్బ తగిలిన చోటు. మంచి పుంజు తన పిల్లలు ఎలా ఎదిగారో తేలకముందే బరిలో చచ్చిపోతుంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కోళ్లను పోరుకు పురిగొల్పడాన్ని నేరమంటోంది. చట్టం లేకపోయినా మేం ఇదే అనేవాళ్లం. మా కోడి బరిలోకి వెళ్లదు, బరికి పంపేవాళ్లకు మా గుడ్డు కూడా వెళ్లదు. మిగులు పుంజులను కూరకు వాడతాం, ఆ మాట దాపరికం లేకుండా చెబుతాం. లేచిన పిల్లల్లో సగం మగవే అయినప్పుడు అన్నిటినీ జాతికి ఉంచడం కుదరదు.

కోడిని తెచ్చుకోవడంలో మా పద్ధతి ఇది. ఫోటో చూసి కొనం. తల్లిని చూడకుండా పిల్లను తీసుకోం. ఒక ముసలావిడ పెరట్లో మంచి పెట్టలు కనబడితే డబ్బు ఆశ చూపి అన్నీ ఎత్తుకురాం. ముందు గుడ్లు అడుగుతాం, పెట్ట ఆవిడ దగ్గరే ఉంటుంది. మా మధ్య ఇచ్చిపుచ్చుకోవడం పాత వాటా పద్ధతిలోనే: పెట్టను ఇస్తాం, లేచిన పిల్లల్లో వాటా తిరిగి వస్తుంది. సంతలో కొన్న కోడి ఎంత ముచ్చటగా ఉన్నా నాలుగు వారాలు వేరే గూట్లో ఉండాల్సిందే.

ప్రతి పెట్ట కాలికీ నంబరు రింగు ఉంటుంది, ప్రతి ఇంట్లో ఒక పుస్తకం ఉంటుంది. తల్లి నంబరు, తండ్రి నంబరు, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎన్ని గుడ్లకు ఎన్ని పిల్లలు, ఎన్ని బతికాయి. పుంజును మార్చాక మూడు వారాల దాకా వచ్చిన గుడ్లను వంశం కోసం పొదిగించం, ఎందుకంటే పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఇది తెలియక స్వచ్ఛమైనవని నమ్మి పెంచిన మందలున్నాయి.

ఒక పుంజు, పది పెట్టలు ఉన్న మంద జన్యు లెక్కలో నాలుగు కోళ్ల పాటి కూడా చెయ్యదు. అవే పది పెట్టలకు ఐదు పుంజులుంటే 13 దాటుతుంది. ఒక్కొక్క ఇంట్లో ఐదు పుంజులను ఉంచలేం, అవి కొట్టుకుంటాయి. కాబట్టి ఎవరి పెట్టలు వాళ్లింట్లోనే ఉంటాయి, పుంజులు ఏడాదికోసారి వరసగా పక్క సభ్యుడి ఇంటికి మారతాయి. మనం కూటమి కట్టవలసిన అసలు అవసరం ఇక్కడే ఉంది. ఎవరికివారే పెంచితే ఎంత ప్రేమగా పెంచినా ఆ వంశం లోపల్లోపలే కుంగిపోతుంది.

కొక్కెర తెగులు టీకా సంగతీ అంతే. మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బి. సాధారణంగా ఒక్కో సీసాలో వంద లేదా అంతకు పైగా డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. పన్నెండు కోళ్లున్నవాడు అది చూసి మానేస్తాడు. అందుకే ఊరి సభ్యులందరూ ఒకే ఉదయం వేయించుకోవాలి, ఇరుగుపొరుగు కోళ్లకూ ఉచితంగా వెయ్యాలి. చిన్న సీసాలు తెప్పించమని పశుసంవర్ధక శాఖను అడుగుతూనే ఉంటాం.

2024లో నెల్లూరులో, 2025లో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు రోగం తేలిన చోట చుట్టుపక్కల కోళ్లన్నిటినీ చంపక తప్పదు. కాబట్టి ఏ వంశమైనా కనీసం మూడు వేర్వేరు మండలాల్లో ఉండాలి. తన దగ్గర తప్ప ఇంకెక్కడా లేని కోడి ఉందని గొప్పగా చెప్పుకునేవాళ్లు మా కూటమిలో ఉండలేరు.

చేరడానికి చందా లేదు. ఒక పుస్తకం, రెండు పెట్టలు, అడిగినవాళ్లకు గుడ్డు ఇచ్చే మనసు ఉంటే చాలు. ఈ చలికాలం పొదుగులు మొదలయ్యేలోపు మీ పెట్టల కాళ్లకు రింగులు వేసి, వాటి తల్లులెవరో ఇంట్లో పెద్దవాళ్లనడిగి రాసుకుని రండి.