నాపరాయి చెప్పే పాఠం

పలనాటి ప్రసక్తి వచ్చినప్పుడు తెలుగు పండితుడు శ్రీనాథుని తలచుకొనక మానడు. ఆ మహాకవి పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాలలో ఈ సీమ రాళ్లు, జొన్నకూడు, నీటి ఎద్దడి అన్నీ పరిహాసానికి పాత్రమైనవే. ఆ పద్యాలు విని తరగతి నవ్వుతుంది, చెప్పేవాడూ నవ్వుతాడు. ఇరవై ఏండ్లకు పైగా నేనూ అట్లాగే నవ్వించాను. ఒకనాడు గురజాల ప్రాంతపు విద్యార్థి ఒకడు మాత్రం నవ్వలేదు. “మాష్టారూ! ఇన్ని రాళ్లు మా నేలకే ఎందుకు వచ్చినవండీ?” అని అడిగినాడు. “అది దైవికం నాయనా” అని తప్పించుకొన్నాను. అతడు మారు మాట్లాడక కూర్చున్నాడు. నా అజ్ఞానానికి దేవుణ్ణి అడ్డుపెట్టుకొన్నానన్న సంగతి నాకు తెలుసు. బహుశా అతనికీ తెలుసు.

తరువాత కొంత చదివి తెలుసుకొన్నది ఇది. మన ఇంటి అరుగు మీద పరచిన నాపరాయి ఒకనాటి సముద్రపు అడుగు. లోతు తక్కువైన ఆ సముద్రంలో సున్నపు బురద పొర మీద పొరగా దిగినది. పై పొరల బరువుకు క్రింది పొరలు బిగిసి రాయి అయినవి. ఇది కనీసం యాభై కోట్ల ఏండ్లకు పూర్వపు మాట. గవ్వలు, నత్తల వంటి గుల్ల గల ప్రాణులు ఇంకా పుట్టని కాలమది; ఈ రాతిలో గవ్వ కనిపించకపోవడానికి కారణం అదే. నాపరాతి గని అంచున నిలిచి చూస్తే ఆ పొరలు పుస్తకపు పుటల వలె ఒకదానిపై ఒకటి కనిపిస్తవి. కడప, కర్నూలు ప్రాంతాల శిలలను పరిశీలించి భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లోనే ఒక ఉద్గ్రంథం వెలువరించినాడు. కడప సీమలోని నార్జి గ్రామం పేర శాస్త్రజ్ఞులు వ్యవహరించే సున్నపురాయీ, మన పలనాటి రాయీ ఒకే కుటుంబానివి.

సముద్రపు అడుగు నేల ఎట్లా అయినది? భూగర్భంలోని బలాలు దానిని పైకెత్తినవి. తూర్పునుంచి వచ్చిన ఒత్తిడికి నల్లమల శిలలు ముడుతలు పడినవి. అటు పిమ్మట పని వాన చేతికి వచ్చినది. ఆకాశం నుంచి దిగే చినుకు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు బీటలలో దిగి సున్నపురాతిని మెల్లగా కరగిస్తుంది. గుత్తికొండ బిలం ఇట్టి కరుగుదలకు మన ఇంటిముందరి సాక్ష్యం. 3,229 మీటర్ల పొడవు గల బెలుం గుహలు దానికి పెద్దన్న వంటివి. మాచర్ల సమీపాన సుమారు 70 అడుగుల ఎత్తునుంచి ఎత్తిపోతల వద్ద దుముకే చంద్రవంక కూడా రాతిని కోసుకొంటూనే దారి చేసుకొన్నది.

కవి పరిహసించిన నీటి ఎద్దడికి కారణం కొంత ఇక్కడనే దొరుకుతుంది. కురిసే వాన తక్కువ. కురిసినదానిలో కొంత నాపరాతి బీటల వెంట పాతాళానికి పోతుంది. ఆ నేల పాపిష్టిదీ కాదు, శాపగ్రస్తమూ కాదు. దాని స్వభావం అది.

కరగిన సున్నం, అరిగిన మట్టి కృష్ణ వెంట బంగాళాఖాతం చేరి, అక్కడి అడుగున మరల పొరలు కడుతున్నవి. 1967లో పూర్తి అయిన నాగార్జునసాగరం వంటి ఆనకట్టలు ఆ ఒండ్రులో చాలా భాగాన్ని మధ్యనే నిలుపుతున్నవి. కొండలను, సముద్రాన్ని తీర్చిదిద్దే బలాలలో నేడు మనిషీ ఒకడైనాడు.

ఈ రాయి చేసిన ఉపకారం అల్పమా? అమరావతి శిల్పాలు పలనాటి సున్నపురాతిలో చెక్కినవే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో వాటిని చూడడానికి లోకం వస్తుంది. పిడుగురాళ్ల బట్టీలలో కాలిన సున్నం ఎన్ని గోడలను తెల్లబరచినదో! నేడు సిమెంటు కర్మాగారాలు ఈ కొండలను పిండి చేస్తున్నవి. బ్రతుకుతెరువును నేను కాదనను. కాని కోట్ల ఏండ్లలో పేరుకొన్నది మన కన్నులముందే తరిగిపోతున్నప్పుడు, అది ఏమిటో మన పిల్లలకు తెలియకపోవడం అన్యాయం.

హిమాలయాలు ఎట్లా పుట్టినవో మన విద్యార్థి పరీక్షలో పుటలకొలది వ్రాస్తాడు. తాను కూర్చున్న బండ పుట్టుక ఎరుగడు. “ఇది పరీక్షలో రాదు గదా” అని ఉపాధ్యాయ మిత్రులు అనవచ్చు. నేను కొత్త పాఠ్యగ్రంథం కోరడం లేదు. ఏడాదికి ఒక పూట పిల్లలను వాగు గట్టుకో, పాత గనికో తీసుకొనిపోతే చాలు. మాటలకూ కొరత లేదు. పొర, ముడుత, బీట, బిలం, ఒండ్రు, గట్టు - ఇవన్నీ రైతు నోట ఉన్నవే. శాస్త్రం తెలుగులో చెప్పడం కష్టమనేవారు ముందుగా ఆ రైతుతో ఒక గడియ మాట్లాడవలె. ఈ పనిలో భూగోళం చెప్పేవారికి తెలుగు చెప్పేవారు తోడు నిలువవలె.

చాటుపద్యాలను నేను ఇప్పటికీ చెబుతున్నాను. తరగతి ఇప్పటికీ నవ్వుతున్నది. నవ్వవలసిందే, అది కవి ప్రతిభ. ఆ నవ్వు ఆగిన తరువాత ఒక నాపరాతి ముక్కను బల్లమీద పెట్టి, “ఇది సముద్రం” అంటాను. అప్పుడు కలిగే నిశ్శబ్దంలో నాకు ఆ గురజాల పిల్లవాడే గుర్తుకు వస్తాడు. అతనికి నేను బాకీపడిన సమాధానాన్ని ఏటేటా వేరొకరికి చెల్లిస్తున్నాను.