డ్యూటీ దిగిన తరువాతి అరగంట

ఛార్జిషీటు చేతబట్టుకొని యూనియను కార్యాలయపు మెట్లెక్కే సోదరుడు మనకందరకు పరిచితుడే. 1989 నాటి రైల్వే చట్టం 172వ సెక్షను గాని, ప్రవర్తనా నియమావళిలోని 22వ నియమం గాని అతనిపై ప్రయోగింపబడినప్పుడు జవాబు ఎట్లు వ్రాయవలెనో, విచారణలో ఎవరిని నిలుపవలెనో మనకు బాగుగా తెలియును. కాని తాగుడు మానివేసి రెండు వారాలైన సోదరుడు మన వద్దకు రాడు. అతని చేతిలో ఛార్జిషీటు లేదు, అతని పేర ఫైలు లేదు. సాయంత్రం డ్యూటీ దిగి, మందు కోసం ప్రాణం లాగుచుండగా, ఒంటరిగా ఇంటిదారి పట్టును. అతనిని గురించియే ఈ నాలుగు మాటలు.

జంషెడ్‌పూర్‌లోని తెలుగు కార్మికుల చరిత్ర చిన్నది కాదు. తాతల నాడు బెంగాల్-నాగపూర్ రైల్వే వెంబడి వచ్చి, ఖరగ్‌పూర్‌లోను ఇక్కడను స్థిరపడిన కుటుంబాలు మనవి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరమును నిలుపుకొన్నాము. వి.వి. గిరిగారి వంటి నాయకుల వెనుక 1927 నాటి ఖరగ్‌పూర్ సమ్మెలో నిలిచిన కార్మికుల వారసులమని చెప్పుకొందుము. జీతభత్యములకు, క్వార్టర్లకు, పని గంటలకు పోరాడితిమి. తాగుడును మాత్రం ఇంటి గొడవగా భావించి ఆడవారికి వదలివేసితిమి.

వారు తమ వంతు చేసి చూపినారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయినది. పొరుగున బీహారులో 2016 నుండి నిషేధమున్నది. 2000లో దాని నుండి వేరుపడిన ఝార్ఖండ్‌లో దుకాణాలు తెరచియే యున్నవి. సంతలో హండియా కుండలు సరే సరి. కావున మానిన మన సోదరుడు ప్రతిరోజు ఆ దుకాణం ముందునుండియే నడచి పోవలెను.

ఈ తపన శీల లోపమని భావించువారు పొరపడుచున్నారు. ఏండ్ల తరబడి ఒకే వేళకు, ఒకే మలుపులో, ఒకే మిత్రునితో తాగిన శరీరం ఆ వేళకు, ఆ మలుపులో, ఆ మిత్రుని చూడగానే తన బాకీని అడుగును. అది అలవలె లేచి, తారస్థాయికి చేరి, లొంగకుండ నిలిచినవానికి సాధారణంగా అరగంటలోపుననే తగ్గిపోవును. అలతో కలియబడక దానిపై తేలిపొమ్మని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆలన్ మార్లట్ బోధించినాడు. ఆ అరగంట ఎట్లు గడపవలెను? ఏదైన తినవలెను, నీళ్లు తాగవలెను, దారి మార్చవలెను, ఎవరితోనైన మాటాడవలెను. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట—ఈ నాలుగును తపనకు ఆజ్యం పోయునవి. రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారుజామున దిగిన రన్నింగ్ స్టాఫుకు, ఆర్.ఎం.ఎస్. సార్టరుకు ఈ నాలుగును ఒక్కసారే ఎదురగును గదా!

ఒక హెచ్చరిక. రోజూ ఎక్కువగా తాగువారు వైద్యుని సలహా లేక ఒక్కసారిగా మానరాదు. మొదటి రెండు మూడు రోజులలో మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయం వాటిల్లవచ్చును. తపనను తగ్గించు నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడ ఉన్నవి. అవి వైద్యుడే ఇవ్వవలెను. మాన్పు మాత్రలను అన్నంలో రహస్యంగా కలిపి పెట్టుట అపాయకరం. 14446, 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చును. రాంచీలో 1918 నుండి పనిచేయుచున్న కేంద్ర మానసిక చికిత్సాలయం మనకు దగ్గరలోనే ఉన్నది.

ఇక మన తప్పును మనమే ఒప్పుకొనవలెను. కొన్నేండ్ల క్రితం ఒక కోర్కె సాధించిన సందర్భమున మేము విందు చేసికొంటిమి. నలుబది రోజులుగా చుక్క ముట్టని పాయింట్స్‌మన్ సోదరుడొకడు మూలన కూర్చుండెను. "ఈ ఒక్కరోజే గదా" అని గ్లాసు అతని చేతికిచ్చి, అందరము నవ్వితిమి. అతడు మరల నిలదొక్కుకొనుటకు నాలుగు నెలలు పట్టినది. ఆ గ్లాసు పోసిన చేయి యాజమాన్యానిది కాదు, మనది.

1935లో బిల్ విల్సన్ అను న్యూయార్క్ షేర్ల దళారీ పనిమీద ఆక్రన్ నగరమునకు వెళ్లి, పని చెడి, హోటలులో ఒంటరిగా నిలిచినాడు. పక్కనే బారు. తాగుడు మాని కొద్ది నెలలే అయినది. అతడు బారులోనికి పోలేదు. తనవలె తాగుడుతో బాధపడు మరొకనితో మాటాడవలెనని వరుసగా ఫోన్లు చేసినాడు. చివరకు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు దొరికినాడు. ఆ ఇద్దరి సంభాషణ నుండియే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినది. ఒంటరివానికి తోడు నిలుచుటయే దాని సూత్రం. యూనియను సూత్రం మరేమి?

"ఇది వ్యక్తిగత విషయం, యూనియనుకేల?" అని కొందరందురు. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మద్యం వలన చిక్కులలో పడి సహాయం కావలసినవారు దేశంలో 5.7 కోట్లు. ఇందరి బాధ వ్యక్తిగతమెట్లగును? మత్తులో ఉన్నవానిని ఇంజనెక్కించమని మేము కోరుట లేదు. శ్వాస పరీక్ష ఉండవలసినదే. ప్రయాణికుల ప్రాణములతో బేరము లేదు.

మేము కోరునది ఇంతే. ప్రతి శాఖ ఇద్దరు నమ్మకస్థులను ఎన్నుకొని, మానిన సోదరుడు ఏ వేళ పిలిచినను పలుకునట్లు ఏర్పాటు చేయవలెను. యూనియను సభలలో, విందులలో మద్యం ఉండరాదు. చికిత్సకు పెట్టిన సెలవును జబ్బు సెలవుగానే పరిగణింపుమని అధికారులను అడుగవలెను. కోరినవారికి మొదటి మూడు నెలలు ఒంటరి రాత్రి డ్యూటీ తప్పించు రోస్టరుకై పట్టుబట్టవలెను. జారిపడినవానిని ఎగతాళి చేయక, మరునాడు మరల అతని వద్దకు పోవలెను.

వీటిలో సగమునకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఈ సాయంత్రమే డ్యూటీ దిగునప్పుడు, ఇటీవల మానిన సోదరుడు మీ సెక్షనులో ఎవరో గుర్తు చేసికొనుడు. అతనితో కలసి, దుకాణం లేని దారిన, ఒక అరగంట నడువుడు.