పేరు పెట్టి పిలుచు పిలుపు

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాలలో చేరిన ఒక విద్యార్థి విషయమున నేనొక తప్పు చేసితిని. హాజరుపట్టీలో ఆతనికొక పేరుండెను. ఒకనాడు ఆతని తల్లి ఊరినుండి వచ్చి, తరగతి వాకిట నిలిచి, కుమారుని మరియొక పేరుతో పిలిచినది. అది బైబిలులోని పేరు. నేనేదో చమత్కారముగా మాటాడుచున్నాననుకొని, నలువదిమంది యెదుట, "ఏమోయ్, ఈ రెండింటిలో నీ అసలు పేరేది?" అని అడిగితిని. పిల్లలు నవ్విరి. ఆతడు తల వంచుకొనెను. సాయంకాలము నా గదికి వచ్చి మెల్లగా, "కాగితంలో ఉన్నది ఒకటండీ, చర్చిలో పెట్టింది ఒకటండీ. ఆ రెండో పేరుతో పిలిస్తేనే నేను నేననిపిస్తుంది మాస్టారూ. కాని అది పదిమందిలో చెప్పుకోలేను" అనెను.

ఆ కుర్రవాడు చెప్పుకొనలేకపోవుటకు కారణము మనకు తెలియనిది కాదు. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి, షెడ్యూల్డు కులమువాడు క్రైస్తవుడైనచో ఆ జాబితాలో స్థానము కోల్పోవును. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఈ నియమము సడలింపబడినది, క్రైస్తవులకు సడలలేదు. ఇందుచేత ఎన్నో యిండ్లలో బిడ్డకు రెండు పేర్లు. ఈ శాసనపు న్యాయాన్యాయములు తేల్చుట నా పని కాదు. నన్ను కలతపెట్టిన ప్రశ్న వేరు. ఇంత చిక్కు తెచ్చు ఆ రెండవ పేరును ఆ తల్లి ఎందుకు విడువలేదు? ఆ పేరులో ఆమెకు దొరకిన దేమి?

నేను క్రైస్తవుడను కాను. అయినను సాహిత్యము బోధించువాడను గనుక కథలలో జవాబు వెదకుట నాకలవాటు. లూకా సువార్తలో జక్కయ్య కథ యున్నది. ఆతడు సుంకపు గుత్తదారుడు, ధనవంతుడు, ఊరివారందరు ఈసడించువాడు, పైగా పొట్టివాడు. యేసు ఆ దారిని వచ్చుచున్నాడని విని, గుంపులో కానరాక, మేడిచెట్టెక్కి కూర్చుండెను. యేసు ఆ చెట్టు క్రింద నిలిచి, తలయెత్తి, ఆతనిని పేరుపెట్టి పిలిచి, ఆనాడు ఆతని యింట బస చేయుదునని చెప్పెను. ఊరివారు సణిగిరి. జక్కయ్య మాత్రము తన యాస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నది నాలుగింతలు తిరిగి యిచ్చెదననియు చెప్పెను. ఇందులో ముందు వెనుకలు గమనింపదగినవి. ఆతడు మంచివాడైన పిమ్మట గౌరవము లభింపలేదు. గౌరవము లభించిన పిమ్మట మంచివాడయ్యెను. మన లోకమున గౌరవము పరీక్షలో నెగ్గినవానికిచ్చు బహుమానము. ఆ కథలో అది పరీక్షకు ముందే చేతికందిన దానము.

ఇది పుస్తకములలో మాత్రమే యున్న మాటయా? మన ఒంగోలు చరిత్ర కాదనుచున్నది. 1866లో జాన్ క్లౌ దొర ఆ యూరికి వచ్చెను. తోళ్ల వ్యాపారము చేసికొను ఎర్రగుంట్ల పేరయ్య ఆ తొలిదినములలోనే ఆయనను కలిసికొనెను. పేరయ్య మాదిగ, అంతకు ముందే యోగ గురువులను సేవించి, తత్త్వము కొరకు తపించినవాడు. అట్టివానిని మూఢుడని ఎవరనగలరు? ఆతని వెనుక ఆతని బంధుజనము కదలినది. అప్పుడు దొరగారి పాఠశాలలో చదువుచున్న అగ్రవర్ణములవారు, ఈ జనమును చేర్చుకొన్నచో మేము నిలువమని చెప్పిరి. దొరయు ఆయన భార్యయు వేర్వేరుగా ప్రార్థించి బైబిలు తెరువగా, ఇరువురికిని కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగము కంటబడినదని చెప్పుదురు. లోకము హీనముగా చూచువారినే దేవుడెన్నుకొన్నాడని దాని భావము. వారు పేరయ్య జనమునే చేర్చుకొనిరి. పాఠశాలనుండి బాలురు వెడలిపోయిరి. ఉపాధ్యాయులమైన మనము ఈ ఘట్టమును మరల మరల తలచుకొనవలెను.

కూటి కొరకు మతము మార్చిరను ఎత్తిపొడుపు ఒకటి కలదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన మహాక్షామమున క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో కొంతభాగపు త్రవ్వకము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఆ నింద రాగూడదనియే, క్షామ సహాయము సాగినంత కాలము బాప్తిస్మములు నిలిపివేసెను. పిదప 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నీటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు దొరలు కారు, మన దేశపు బోధకులే. ఆ సంఖ్య చివరి రెండు అంకెలతో సహా నిలిచినదనగా, ఒక్కొక్కరిని మనిషిగా లెక్కించిరన్నమాట. అంతవరకు ఊరు వారిని కులము పేరుతో, కూతవేటు దూరమునుండి పిలుచుచుండెను.

అయితే చర్చిలో చేరినంతనే చిక్కులన్నియు తీరిపోయినవని చెప్పుట అసత్యము. మాల మాదిగ భేదము సంఘముల గడప దాటి లోపలికిని వచ్చినది. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువ జీవితమే సాక్ష్యము. అంటరానివాడని ఒకవైపువారు, పురాణకథలపై కావ్యములు వ్రాసెనని క్రైస్తవులలో కొందరు ఆయనను దూరముంచిరి. ఆయన 1941లో 'గబ్బిలము' వ్రాసి, అంటరానివాని మొరను గబ్బిలముచేత కాశీ విశ్వనాథుని చెవిని వేయించెను. ఆయనయే 'క్రీస్తు చరిత్ర'యు వ్రాసెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. మతసంఘము వేరు, మనిషిని పిలిచిన పిలుపు వేరు అని ఆ కవి జీవితము నాకు తెలుపుచున్నది. సంఘము తప్పినను పిలుపు తప్పలేదు.

మన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను నిషేధించినది గదా, ఆత్మగౌరవమునకు దేవునితో పనియేమి అని హేతువాదులైన మిత్రులు అడుగుదురు. నిషేధము గొప్పదే. కాని అది కొట్టు చేతిని పట్టుకొనును. తరతరములుగా వంగిన మెడను నిలబెట్టుటకు మరియొకటి కావలెను. కొందరికది చదువు, కొందరికి ఉద్యమము. ఆ విద్యార్థి తల్లికి విశ్వాసము. దాని సత్యాసత్యములకు నాకు తోచిన గీటురాయి ఒకటే. ఆ విశ్వాసమువలన కలిగిన గౌరవము నిలుచుటకు తన క్రింద మరియొకడు ఉండవలెనని కోరుచున్నదా? కోరినచో అది పాత యహంకారమే, క్రొత్త పేరు పెట్టుకొన్నది. కోరనిచో, జక్కయ్యవలె ఇతరులది ఇతరులకు తిరిగి యిచ్చివేయును.

మరునాడు తరగతిలో నా తప్పును ఒప్పుకొంటిని. ఆతని పేరెత్తలేదు, మనిషి పేరును నవ్వులాటకు వాడుట ఉపాధ్యాయునికి తగదని మాత్రము చెప్పితిని. ఆతడు నేడొక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆమధ్య కలిసినపుడు తన పద్ధతి యొకటి చెప్పెను. సంవత్సరారంభమున ఒక్కొక్క బాలుని ప్రక్కకు పిలిచి, "నిన్ను ఇంట్లో ఏమని పిలుస్తారురా?" అని అడుగునట. నేను నలువదిమంది యెదుట అడిగిన ప్రశ్నయే అది. ఆతడు దానిని అడుగవలసిన విధమున అడుగుచున్నాడు.