ముత్యం బాగుంది, దారం సంగతేంటి?

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ముత్యాల దండ బేరమాడేవాళ్లు చాలా జాగ్రత్తపరులు. దండను గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో తిప్పి తిప్పి చూస్తారు. ఒక ముత్యాన్ని పంటి అంచుకు రాసి చూస్తారు. సన్నటి ఇసుకలా గరుకుగా తగిలితే అసలుదని, నున్నగా జారిపోతే నకిలీ అని లెక్క. గుండ్రం చూస్తారు, మెరుపు చూస్తారు, తూకం దగ్గర పట్టుబడతారు. ఇన్ని అడిగినవాళ్లు దారం ఊసెత్తరు. ఏ దారంతో గుచ్చారు, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉందా, మళ్లీ ఎప్పుడు గుచ్చించుకోవాలి... ఈ ప్రశ్నలు కొనేవాళ్ల నోట రావు. అమ్మేవాళ్లూ చెప్పరు.

దండ మెడలో ఉన్నంతసేపూ బరువు మోసేది దారమే. జాగ్రత్తగా చూసుకుంటే ముత్యం తరతరాలు నిలుస్తుంది, దారం నిలవదు. తరచూ వేసుకునే దండకు ఏడాదికో రెండేళ్లకో దారం మార్చాలన్నది ముత్యాల పని తెలిసినవాళ్లు చెప్పే మాట. మన ఇళ్లలో మాత్రం పెళ్లినాటి దారంతోనే దండలు బీరువాల్లో పడి ఉంటున్నాయి. వేసుకుంటే ఎక్కడ తెగుతుందోనన్న భయం. గుచ్చించాలంటే బజారుకు వెళ్లాలి, వెళ్లే తీరిక దొరకదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది ఇంకాస్త కష్టం. అక్కడి నగల దుకాణాల్లో దారం మార్చడానికి దండ పొడవును కొలిచి అంగుళానికి ఇంత అని తీసుకుంటారు. ఆ లెక్క విన్నాక, ‘హైదరాబాద్ వెళ్లినప్పుడు చూద్దాంలే’ అని దండను మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు.

ఈ పని ఇంట్లో చేసుకోదగ్గది. సూది, రెండు మీటర్ల దారం, తీరికైన ఒక మధ్యాహ్నం ఉంటే చాలు. మల్లెలు, కనకాంబరాలు కలిపి మాల కట్టే వేళ్లకు ముత్యాల మధ్య ముడి వేయడం రాకపోవడమనేది ఉండదు.

అసలు దారం ఎందుకు పాడవుతుందో తెలిస్తే ముత్యాన్ని ఎలా చూసుకోవాలో కూడా తెలుస్తుంది. ఆల్చిప్ప లోపల పొర మీద పొరగా పేరుకున్న కాల్షియం కార్బొనేట్, ఆ పొరలను అంటించి ఉంచే కొద్దిపాటి ప్రొటీన్, ఇంకాస్త నీరు కలిస్తే ముత్యం. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానిది 10, కెంపుది 9 అయితే ముత్యానిది 2.5 నుంచి 4.5 దాకా ఉంటుంది. రాళ్ల నగలతో కలిపి ఒకే డబ్బాలో పడేస్తే గీతలు పడక మానవు. పులుపు తగిలితే పైపొర కరుగుతుంది. బంగారు నగలను చింతపండు రసంలోనో కుంకుడు రసంలోనో నానబెట్టి రుద్దే అలవాటు మనకుంది. ముత్యాల దండను ఆ గిన్నెలో వేయకూడదు. సెంటు, హెయిర్ స్ప్రే, చెమట కూడా దానికి పడవు. సింగారమంతా అయ్యాక చివరగా వేసుకుని, ఇంటికి రాగానే ముందుగా తీసి, మెత్తటి బట్టతో తుడిచి పెట్టాలి.

అదే చెమట దారాన్నీ తినేస్తుంది. ముత్యాలు గుచ్చే పట్టుదారం కూడా ప్రొటీనే కదా. దానికి తోడు, ముత్యానికి వేసిన బెజ్జం అంచు పదునుగా ఉంటే మెడ కదిలినప్పుడల్లా దారాన్ని కోస్తూ ఉంటుంది. పాత దండను ఒకసారి చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. ముత్యాల మధ్య దారం బూడిద రంగుకు తిరిగి ఉంటుంది. కొక్కెం దగ్గర నూగు లేచి ఉంటుంది. రెండు ముత్యాలను వేళ్లతో పక్కకు జరిపితే మధ్యలో బోసి దారం కనిపిస్తుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ దండను కొత్త దారం ఎక్కించాకే మెడలో వేసుకోవాలి.

హైదరాబాద్‌కు ముత్యాల నగరమన్న పేరు రావడంలో ఇలాంటి చేతిపనికే పెద్ద వాటా. ఇక్కడ సముద్రం లేదు, ముత్యాల వేట లేదు. పర్షియన్ గల్ఫ్‌లో దొరికిన ముత్యాలు బస్రా పేరుతో నిజాముల ఖజానాకు చేరాయి. కేంద్ర ప్రభుత్వం 1995లో దాదాపు 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నిజాం నగల్లో సత్లడా అనే ఏడు పేటల బస్రా హారం ఉంది. జపాన్‌లో మికిమొటో కొకిచి 1893లో ముత్యాన్ని సాగు చేసి చూపించాక కథ మారింది. సాగు ముత్యాల పోటీకి ప్రపంచ ఆర్థిక మాంద్యం కూడా తోడై 1930ల్లో గల్ఫ్ వేట కుప్పకూలింది. ఇవాళ చార్మినార్ చుట్టుపక్కల అమ్ముతున్న వాటిలో ఎక్కువ భాగం చైనాలో మంచినీటి చెరువుల్లో పెంచినవి. సరుకు ఎక్కడిదైనా ఏరడం, తెల్లబరచడం, బెజ్జం వేయడం, గుచ్చడం ఇక్కడివాళ్ల పని. ముత్యాలు గుట్టగా పోసిన పళ్లెం ముందు కూర్చుని, కంటిచూపుతోనే సైజులు జత చేసే మనిషిని చూసినవాళ్లెవరూ దాన్ని చిన్న పని అనరు.

ఆ పని ఇప్పుడు హడావుడిలో పడింది. కొన్నవాళ్లు టీ తాగేలోపు దండ చేతికి రావాలి. అందుకే చాలా దండలు నైలాన్ దారంతో, ముడి అన్నది లేకుండా తయారైపోతున్నాయి. ముత్యాలు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉంటాయి, కొత్తలో చూపుకు బాగానే ఉంటాయి.

ముడి ఉంటే ఏమిటి లాభం? దారం తెగినప్పుడు ఒక్క ముత్యమే జారుతుంది, మిగతావి దండలోనే ఉంటాయి. ఇది అందరికీ తెలిసిన లాభం. అంతకంటే పెద్దది ఇంకొకటుంది. ముడి లేని దండలో ముత్యాలు ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉంటాయి. ఆ రాపిడికి బెజ్జం చుట్టూ పొర అరుగుతుంది, కొన్నిసార్లు చెక్కు లేస్తుంది. జపాన్ అకోయా రకం ముత్యాల్లో లోపల గింజ వేసి పెంచుతారు, దాని మీద ముత్యపు పొర చాలాసార్లు ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. అది ఒకసారి ఊడితే మళ్లీ అతికించే దారి లేదు. దారం మార్చవచ్చు, పొర మార్చలేం.

పట్టా, నైలానా అన్న చర్చలో మొండిపట్టు అక్కర్లేదు. పట్టుకు ఒక ఒదుగు ఉంది, ముడి చక్కగా కూర్చుంటుంది, దండ మెడ మీద మెత్తగా వాలుతుంది. కానీ విశాఖ, కాకినాడ ఉక్కపోతలో రోజూ వేసుకునేవాళ్లకు పట్టు త్వరగా నీరసిస్తుంది. అలాంటి చోట ముడికి లొంగే మెత్తటి నైలాన్ పేటదారం వాడినా తప్పు లేదు. చేపల గాలానికి కట్టేలాంటి ఒంటిపోగు బిరుసు తీగ మాత్రం వద్దు. ఆవగింజంత ముత్యాలతో అయిదారు పేటలు గుచ్చే హారాలకు ప్రతి ముత్యానికీ ముడి వేయడం కుదరదు, అది ఒప్పుకోవలసిందే. గుండ్రటి ముత్యాల ఒంటిపేట దండకు మాత్రం ముడి లేకపోవడాన్ని సమర్థించే కారణం ఏదీ లేదు.

ఇంట్లో చేసేవాళ్లు మొదటిసారే ముత్యాల జోలికి పోకుండా చవక గాజు పూసల మీద చెయ్యి తిప్పుకోవాలి. ఆ తర్వాత పళ్లెంలో మందపాటి తువ్వాలు పరిచి, మడతలో దండను పెట్టి ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. చాలా దండల్లో నడిమి ముత్యం పెద్దది, అటూ ఇటూ క్రమంగా చిన్నవి అవుతుంటాయి. ఆ వరస చెదిరితే తిరిగి కూర్చడం కష్టం. అందుకే ఒక కొస నుంచి ఒక్కో ముత్యాన్నే విడదీస్తూ అదే వరసలో మడతలో పేర్చుకుపోవాలి. గోరువెచ్చటి నీళ్లలో తడిపి పిండిన బట్టతో తుడిచి ఆరనివ్వాలి.

దారం ఎంపికలో బెజ్జమే కొలత. జర్మనీకి చెందిన గ్రిఫిన్ కంపెనీ పట్టు దారం రెండేసి మీటర్లు అట్టకు చుట్టి, కొసకు మెత్తటి తీగసూది కలిపే వస్తుంది. అందులో 2వ నంబరు 0.45 మిల్లీమీటర్లు, 4వ నంబరు 0.60 మిల్లీమీటర్లు. ముడి బెజ్జంలోకి దూరిపోతుంటే దారం సన్నమైందని అర్థం. కొత్త పట్టు కొంత సాగుతుంది, కాబట్టి ముందురోజు రాత్రి కొసకు చిన్న బరువు కట్టి వేలాడదీస్తే ఆ సాగుడేదో ముందే అయిపోతుంది.

అసలు కిటుకంతా ముడిలో ఉంది. ముత్యం పక్కనే దారాన్ని చూపుడువేలికి చుట్టి వదులుగా ఒక ఉచ్చు వేయాలి. గుచ్చిన దండ కొసను ఆ ఉచ్చులోంచి దూర్చి ఇవతలికి తీయాలి. ఉచ్చు బిగియకముందే అందులో ఒక కుట్టుసూది పెట్టి, ఆ సూదితోనే ముడిని నెమ్మదిగా ముత్యం దాకా తోసుకెళ్లాలి. ముత్యానికి తగిలాక ఒక చేత్తో దారం లాగుతూ ఇంకో చేత్తో సూదిని బయటికి తీస్తే, ముడి ముత్యాన్ని అంటుకుని బిగుస్తుంది. సూది ముందే తీసేస్తే ముడి దూరంగా బిగిసిపోతుంది, ఖాళీ మిగులుతుంది. పట్టులో తప్పుగా పడ్డ ముడిని విప్పడం దాదాపు అసాధ్యం. మొదటి పది ముడులూ వంకరగానే వస్తాయి. పదిహేనో ముడికల్లా వేళ్లకు లెక్క తెలుస్తుంది.

కొక్కెం దగ్గర దారం లోహానికి రాసుకోకుండా స్ప్రింగులా చుట్టిన సన్నటి తీగగొట్టం ఒకటి దొరుకుతుంది, దాన్ని దారానికి తొడగాలి. రెండు కొసల్లోనూ చివరి మూడు ముత్యాల్లోంచి దారం రెండుసార్లు వెళ్తుంది. కొక్కేనికి చుట్టి వెనక్కి తెచ్చి, ఒక్కో ముత్యం దాటినప్పుడల్లా ముడి వేస్తూ కొసను లోపల దాచేయాలి. చివరి ముడి మీద నగల పనికి వాడే జిగురు సూదిమొన అంత చాలు. త్వరగా అతికే సూపర్ గ్లూ దారాన్ని పెళుసుగా మారుస్తుంది, పోయకూడదు. పొడవు సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఒక్కో ముడి అర మిల్లీమీటరే ఆక్రమించినా 60 ముడులకు దండ మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది.

ఇలా ఎవరింట్లో వాళ్లు గుచ్చుకుంటే, దాని మీద బతికేవాళ్ల సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. గుచ్చే మనిషికి ఇవాళ దక్కుతున్నది వేగానికి కూలి. ముడి ఎంత కష్టమో కొనేవాళ్లకు తెలియదు కాబట్టి దానికి వేరే ధర అడిగే వీలు అతనికి లేదు. అరవై ముడులు తన చేత్తో వేసిన ఇల్లాలు అతని దగ్గరికి వెళ్తే బేరమాడే తీరు మారుతుంది. ముడికి ఇంత అని ఇవ్వడానికి ఆమెకు అభ్యంతరం ఉండదు. పైగా ఇప్పుడు బీరువాల్లో ఉన్న దండల్లో ఎక్కువ భాగం ఏ బజారుకూ రావడం లేదు. అవి బయటికొస్తే అతనికీ పని పెరుగుతుంది.

అన్నీ ఇంట్లో చేయమనడం కూడా సరికాదు. నాయనమ్మల నాటి బస్రా ముత్యాలు, బెజ్జం అంచు చితికినవి, పేటల మధ్య బంగారు పట్టీలున్న హారాలు నిపుణుల చేతికే ఇవ్వాలి. ఇచ్చేముందు ముత్యాలు లెక్కపెట్టి, తూకం వేయించి, ఆ రెండూ రసీదులో రాయించుకోవాలి. వీలైతే ఎదురుగా కూర్చుని గుచ్చించుకోవాలి. ముత్యాలు మార్చేస్తారేమోనన్న అనుమానంతో దండను ఏళ్ల తరబడి దాచుకోవడం కన్నా అది మేలు.

దుకాణాలు చేయవలసింది ఒకటుంది. బిల్లు మీద ముత్యాల రకం, బరువు రాస్తున్నప్పుడు దారం పట్టా నైలానా, ముడి ఉందా లేదా, గుచ్చిన తేదీ ఎప్పుడు అన్నవి కూడా రాయాలి. ముడితో ఒక ధర, ముడి లేకుండా ఒక ధర చెప్పి ఎంచుకోమనాలి. కొనేవాళ్లు గట్టిగా అడిగితే ఈ సంక్రాంతి బేరాల నుంచే మొదలుపెట్టవచ్చు, దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.