గడియారం చూపించే బేరం

గోవాడలో మా పక్కింటి పిన్నిగారు మొన్నొక రాత్రి పదిన్నరకు తలుపు తట్టారు. చేతిలో ఫోను, మొహంనిండా కంగారు.

"అమ్మాయ్, పదకొండు నిమిషాలే ఉందిట! నీ కార్డు ఇలా తే!"

తీరా చూస్తే మిక్సీ బేరం. రూ. 5,200 కొట్టేసి రూ. 2,499 వేశారు. కింద ఎర్ర అక్షరాలతో "ఇంకా రెండే ఉన్నాయి" అని. పైన సెకన్లు జారిపోతున్నాయి.

ఆవిడ మిక్సీ కొనాలనుకుని ఆర్నెల్లయింది. చోడవరంలో మూడు కొట్లు తిరిగి, మూతలు తీసి చూసి, వచ్చే నెల చూద్దాంలే అని వచ్చేసిన మనిషి. పింఛను డబ్బులో మిగిల్చుకున్నది మరి! అలాటావిడ ఏ కంపెనీదో కూడా చూడకుండా కొనేశారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? మారు మాట్లాడకుండా కార్డు ఇచ్చాను.

మర్నాడు కాఫీ తాగుతూ అదే పేజీ తెరిచాను. ధర అదే. మిగిలినవీ ఆ రెండే. గడియారం మాత్రం మళ్ళీ మొదటినుంచి నిక్షేపంగా నడుస్తోంది! వారం తిరక్కుండా చోడవరం కొట్లో అదే మిక్సీ రూ. 2,300కి కనబడింది.

ఆషాఢంలో మన బట్టలకొట్లవాళ్ళూ తగ్గింపులు పెడతారు. పెళ్ళిళ్ళుండవు, సరుకు కదలదు, అంచేత తగ్గిస్తారు. శ్రావణం వస్తే ఆ గడువు తీరిపోతుంది. దాన్ని జరపడం వ్యాపారి చేతిలో లేదు. ఫోనులో గడియారానికి మాత్రం ఏ పంచాంగమూ లేదు, అమ్మేవాడు తిప్పినట్టల్లా తిరుగుతుంది. అందరూ అలా చేస్తారనను. నిజంగా తీరిపోయే బేరాలూ ఉంటాయి. ఏది ఏదో ఆ రాత్రి తెలియదు, మర్నాడు తెలుస్తుంది.

ఈ మాయ ప్రభుత్వం దృష్టికీ వచ్చింది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాటి 13 రకాల ఎత్తులను నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. జాబితాలో మొట్టమొదటిది ఈ అబద్ధపు తొందరే. అడక్కుండా బుట్టలో అదనపు సరుకు చేర్చడం, చివరిమెట్టుమీద ధర పెంచడం కూడా అందులో ఉన్నాయి. ఈసారి అనుమానం వస్తే ఆ పేజీని ఫోనులోనే బొమ్మ తీసి ఉంచండి, మర్నాడు మరొకటి తీయండి. వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

ఇదంతా పిన్నిగారికి చెప్పి, ఫోను చేద్దాం రమ్మన్నాను.

"నీకు పుణ్యముంటుంది, ఊరుకో," అన్నారావిడ గొంతు తగ్గించి. "మీ బాబాయిగారితో రెండువేలకే వచ్చిందని చెప్పానే!"