ఇంటికొక పనిబల్ల

తెలుగువారి ఇండ్లలో దేవునికొక గది ఉన్నది, టెలివిజనుకొక గూడు ఉన్నది, చెప్పులకు సైతము ఒక అలమార ఉన్నది. చేతిపనికి మాత్రము చోటు లేదు. కుర్చీ కాలు ఊడినను, తలుపు గడియ వదులైనను గృహస్థుడు ఫోను చేతబట్టి పనివాని కొరకు ఎదురుచూచుచు కూర్చుండును. పట్టుదల గలవాడైనచో భోజనపు బల్లమీద పాత పత్రిక పరచి, ఒక చేత చెక్కను అదిమి, రెండవ చేత రంపమాడించును. బల్ల ఊగును, చెక్క జారును, వ్రేలు తెగును. ఇల్లాలి వ్యాఖ్యానము సరేసరి. ఆనాటితో పనిముట్లు అటక ఎక్కును.

ఇందులో తప్పు అతని చేతిది కాదు, బల్లది. కొయ్యపనిలో సగము నేర్పు కొయ్యను కదలకుండ పట్టుటలోనే ఉన్నది. తెలుగు వడ్రంగి ఈ సంగతి ఎరుగును. అతడు నేలపై కూర్చుండి పాదములతోనే చెక్కను బిగబట్టును. దానిని వెనుకబాటుతనమని నవ్వువారు పొరబడుచున్నారు. అది చిన్ననాటినుండి అలవడిన విద్య. నలువది యేండ్ల గుమాస్తాకు బాసిపట్లు వేసి కూర్చుండుటయే కష్టము. ఇక పాదముల నడుమ ఉలి ఆడించుట ప్రమాదము. అట్టివానికి ఆ పాదములు చేయు పనిని బల్ల చేయవలెను.

కావున యంత్రముల జాబితా వ్రాయుటకు ముందు బల్ల బరువును గూర్చి యోచించుట మేలు. చిత్రిక పట్టునపుడు మనిషి తోపు అంతయు బల్లమీదనే పడును. 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 అంగుళముల మందము గల టేకు పలక ఇంచుమించు 55 కిలోలు తూగును; అంత బరువున్నగాని బల్ల నిలువదు. టేకే కావలెనను పంతము మాత్రము వలదు. టేకు ద్వారబంధమునకు గౌరవము, పనిబల్లకు దండుగ. నల్లమద్దియో వేపయో చాలును. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలకలు మూడింటిని అతికించినను పని జరుగును. కాళ్ల నడుమ అడ్డకమ్ములు వేసి, వానిపై ఒక అర పరచి, మూలన నిరుద్యోగియై పడియున్న తిరగలిని అందుంచినచో దానికి మరల ఉద్యోగము దొరకినట్లగును.

కాళ్లను ఎక్కడ నిలుపవలెనను విషయమున ఆంద్రే జాకబ్ రూబో మాట నేటికిని చెల్లుచున్నది. ఆయన స్వయముగ ఫ్రెంచి వడ్రంగి. కొయ్యపనిపై ఆయన రచించిన బృహద్గ్రంథము 1769లో వెలువడ నారంభించినది. అందలి బల్లకు కాళ్ల వెలుపలి ముఖము, పైపలక అంచు ఒకే మట్టముగ ఉండును. అప్పుడు తలుపు రెక్కను నిలువుగ ఆనించి బిగించుటకు బల్ల అంచు, కాలు రెండును అక్కరకు వచ్చును. పలక అందముగ ముందుకు చొచ్చుకొని వచ్చిన బల్లలకు ఈ సౌకర్యము లేదు.

ఎత్తు మరియొక చిక్కు. నిటారుగ నిలిచి చేతులు జారవిడిచినపుడు మణికట్టు ఉండు ఎత్తు చిత్రికకు అనుకూలము. ఐదున్నర అడుగుల మనిషికది సుమారు 32 అంగుళములు. గడియారము విప్పుటకో, తీగలు అతుకుటకో అది చాలదు, నడుము పట్టును. ఇందుకు రెండు బల్లలు అక్కరలేదు. 8 అంగుళముల ఎత్తు గల చిన్నపీటను పైన బిగించుకొన్నచో చాలును. బహుళోపయోగమనగా ఇదియే. కొందరు అది చాలదని పలక క్రింద వరుసగ సొరుగులమర్తురు. సొరుగులు పెరిగినకొలది బిగింపులకు చోటు తరుగును; చివరకది బల్ల గాక బట్టల బీరువా అగును. దానికి బదులు పలకకు ముప్పాతిక అంగుళపు కన్నములు కొన్ని తొలిపించి, ఎడమ కొసన ఒక వైసు అమర్చిన మేలు. కన్నములో ఇనుప కొక్కెమును దించి ఒక్క సుత్తిదెబ్బ వేసిన చెక్క అణగి ఉండును. వెనుకనుండి తట్టిన వదలును.

ఇంటివాడే పనిచేసికొన్నచో వడ్రంగి బ్రతుకేమగునని ఆక్షేపణ రావచ్చును. ఒక్క పలకను సాపుచేసి చెమటోడ్చినవాడు వడ్రంగి కూలివద్ద బేరమాడుటకు సిగ్గుపడును. బేరమంతయు పని తెలియనివానిదే. చేతిపని ఒక కులమువారిది, చదువుకొన్నవానికి తగదు అను పాతభావము ఉపన్యాసములకు లొంగలేదు. 1937లో వార్ధాలో రూపొందిన మౌలిక విద్యా ప్రణాళిక చేతివృత్తిని చదువునకు కేంద్రముగ నిలిపినది. వడ్రంగము అందులో నుండెను. బడులు దానిని నిలుపుకొనలేకపోయినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల పిల్లలు పది దినములు సంచి లేకుండ వడ్రంగులు, కుమ్మరులు మొదలగువారి యొద్ద పని నేర్వవలెనని చెప్పినది. మంచిదే. కాని మూడేండ్లలో పది దినములు! పదునొకండవ దినమున ఆ పిల్లవాడు ఇంటికి వచ్చి ఉలిని ఎక్కడ ఆనించును?

అద్దె ఇండ్లవారికి, అపార్టుమెంట్లవారికి చోటులేదనుట నిజమే. కాని 4 అడుగుల బల్ల బాల్కనీలో పట్టును. కాళ్లను, అడ్డకమ్ములను మేకులతో గాక బోల్టులతో బిగించిన ఇల్లు మారునపుడు విప్పుకొనవచ్చును. పైపలక ఘనమైన కొయ్యదైనచో, కోస్తా వానకాలమున అడ్డముగ కొన్ని మిల్లీమీటర్లు ఉబ్బును. అందుచేత దానిని చట్రమునకు బిగించు మరల కన్నములను గుండ్రముగ గాక పొడవుగ తొలిపింపవలెను. కాళ్ల క్రింద మందపు రబ్బరు పలకలుంచిన, క్రింది అంతస్తువారి మధ్యాహ్నపు నిద్రకు కొంత రక్షణ.