ఓడెక్కే వేళకి తుఫానొస్తే...

వదినలూ! అమెరికాలో ఉన్న పిల్లలు "అమ్మా, ఓడ షికారుకి వెళ్దాం" అంటే సరేననే ముందు ఏ నెలో అడగండి. అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుఫానుల కాలం.

హ్యూస్టన్‌లో మా అమ్మాయి గాల్వెస్టన్ రేవు నుంచి టిక్కెట్లు కొంది. రెండ్రోజుల ముందు టీవీలో తుఫాను! ప్రయాణం లేనట్టేనని సంచీలోంచి మావారి బి.పి. మాత్రలు తీసేశాను. తీరా చూస్తే ఓడ ఒక రోజు ఆలస్యం, దిగే ఊళ్ళు మారాయి, అంతే! రామంటే పైసా తిరిగి రాదట. ఆ హడావిడిలో మాత్రలు ఇంట్లోనే ఉండిపోయాయి. సముద్రం మధ్యలో ఆయన తల పట్టుకుంటే నా ప్రాణం పోయినంత పనైంది. ఓడ డాక్టరు ఆదుకున్నాడు కానీ బిల్లు మామూలుగా లేదు.

తుఫాను కంటే ఓడే సాధారణంగా వేగంగా పోగలదు కనుక రద్దు చెయ్యడం కంటే దారి మార్చడానికే చూస్తారు. రేవు మూసే అధికారం మాత్రం కోస్ట్‌గార్డుది. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి గాల్వెస్టన్ రేవు మూస్తే, తిరిగొస్తున్న ఓడలు సముద్రం మీదే ఉండిపోయాయి.

అందుకని ఇవి గుర్తుంచుకోండి:

* వాళ్ళే రద్దు చేస్తే డబ్బు వాపసిస్తారు. ఊరు మారిస్తే మామూలుగా ఆ రేవు రుసుమే వస్తుంది.
* ఇన్సూరెన్సు తుఫానుకి పేరు పెట్టకముందే కొనాలి. తర్వాత కొంటే ఆ తుఫానుకి పనికిరాదు.
* ముందురోజే రేవు ఊరు చేరండి.
* వారానికి సరిపడా అదనపు మాత్రలు చేతిసంచీలో ఉంచండి. ఓడ కదిలేదాకా తియ్యకండి, నాలాగా!